ఎంతమంది కాదు, ఎన్ని

మార్చి 3, సోమవారం

డైరెక్టరీ పని నాకిచ్చారు. ప్రేమతో కాదు, ఇంకెవరూ తీసుకోలేదు కాబట్టి. మీటింగ్‌లో ఎవరు చేస్తారని మేనేజర్ అడగ్గానే ఒకాయన ఫోన్ చూసుకున్నాడు, ఇంకొకాయనకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నేను చెయ్యెత్తాను. పిల్ల పుట్టాక ఆరేళ్ళు ఇంట్లో ఉండి తిరిగొచ్చినదాన్ని. వచ్చినప్పటి నుంచీ హెల్ప్‌డెస్క్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళతోనే నా బతుకు తెల్లారుతోంది. ఇంక చాలు.

పని ఇదీ. మా గ్రూపుకి పాత ఆసుపత్రులు నాలుగున్నాయి. ఐదోది ఏప్రిల్‌లో తెరుస్తారు. అన్నిటికీ కలిపి ఒకటే డైరెక్టరీ ఉండాలని కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. అది ఎలాంటి సర్వర్ల మీద నడవాలి, ఎన్ని కావాలి, ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు, ఏ డిస్కులు, అవన్నీ నేను తేల్చాలి. ఆర్డర్ ఒక్కసారే వెళ్తుంది. తక్కువ చెప్పానో, తెరిచిన రోజే అందరి ముందూ పరువు పోతుంది. ఎక్కువ చెప్పానో, జన్మంతా దెప్పుతారు.

మీటింగయ్యాక మేనేజర్ నడవాలో ఆపి మెత్తగా చెప్పారు. ఇది కుదిరితే డైరెక్టరీ బాధ్యత మొత్తం నాదేనట. కుదరకపోతే బయటి కంపెనీకి అప్పజెప్పి, నన్ను మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చోబెడతారట. అంత మర్యాదగా బెదిరించడం ఆయనకే చెల్లింది.

మార్చి 4, మంగళవారం

అత్తగారికి చెప్పాను. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. డైరెక్టరీ అంటే ఆవిడకి లావుపాటి పుస్తకం, అంతే. దానికి కంప్యూటరెందుకే, వేలు తడిచేసుకుని పేజీ తిప్పితే పోలా అన్నారు.

కూర్చోబెట్టి వివరించాను. డాక్టరుగారు పొద్దున్నే కంప్యూటర్ ముందు పాస్‌వర్డ్ కొడతారు. ఈయన నిజంగా ఆయనేనా, ఈయనకి ఎవరి ఫైళ్ళు చూపించొచ్చు, ఏ తలుపు తియ్యొచ్చు అని అడిగితే జవాబు చెప్పేది ఈ డైరెక్టరీ. అది నోరు మెదపకపోతే డాక్టరుగారు బయట నిలబడాలి, రోగి లోపల పడుంటాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, అయితే పుస్తకం అని చెప్తావేంటి, గుమ్మం దగ్గర కూర్చునే ముసలమ్మ అను అన్నారు. పుస్తకం అన్నది తనే. మా ఆయనకి కళ్ళజోళ్ళ షాపు. ఏ అద్దం తుడుస్తున్నాడో గానీ తలెత్తకుండానే నవ్వాడు. ఈ ఇంట్లో గుమ్మం దగ్గర కూర్చునేది ఎవరో ముగ్గురికీ తెలుసు.

మార్చి 7, శుక్రవారం

మాన్యువల్ నమిలేశాను. తల వేడెక్కింది కానీ విషయం దొరికింది.

ఈ సాఫ్ట్‌వేర్‌కి రాసే పని తక్కువ, చదివే పని ఎక్కువ. కొత్తవాళ్ళు చేరినప్పుడో, పాస్‌వర్డ్ మార్చినప్పుడో కాస్త రాస్తుంది. మిగతా రోజంతా వెతికి చెప్పడమే. కాబట్టి అసలు కీలకం మెమరీ. ఒక్కొక్కరి పేరిట ఉండే వివరాలు, అంటే ఎంట్రీలన్నీ మెమరీలో పట్టేస్తే అడిగిన మరుక్షణం జవాబొస్తుంది. పట్టకపోతే ప్రతి ప్రశ్నకీ డిస్క్ దాకా పరిగెత్తి రావాలి. ఒకరిద్దరు అడిగినప్పుడు ఆ తేడా తెలీదు. అందరూ ఒక్కసారి మీద పడ్డప్పుడు తెలుస్తుంది.

అంచేత మొదట తేలాల్సింది మొత్తం ఎంత అన్నది. అన్ని ఆసుపత్రుల్లో అన్ని విభాగాలకీ మెయిల్ పెట్టాను. ఆఫీసు మెయిళ్ళు చదివితే నిద్రొస్తుందని, నేను మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే రాశాను. మీ దగ్గర ఎంతమంది ఉన్నారో దయచేసి చెప్పండి. అంతే, ఒక్క లైను. నా మెయిల్ చూసుకుని నాకే ముచ్చటేసింది.

మార్చి 12, బుధవారం

జవాబులన్నీ వచ్చేశాయి. నేనెప్పుడూ చూడలేదు, ఈ ఆఫీసులో ఒక మెయిల్‌కి అందరూ జవాబివ్వడం. అంతా కలిపితే తొమ్మిది వేల మంది పైచిలుకు.

ఈ సంబరంలో ఉండగానే మేనేజర్ ఒక కన్సల్టెంట్‌ని దించారు. ఏసీ ఆగిపోయిన గదిలో కూడా కోటు విప్పడు. కోటుబాబు అని పేరు పెట్టేశాను, సాయంత్రానికల్లా ఫ్లోరంతా పాకింది. ఆయన లెక్క ప్రకారం ఒకటే పెద్ద సర్వర్, దాని నిండా ప్రాసెసర్లు. మెమరీ సంగతి ఎత్తితే, అది మామూలుగా వచ్చేది సరిపోతుందిలెండి అని చెయ్యి ఊపాడు. ఆ ఒక్కటీ పోతే ఏంటి పరిస్థితి అని అడిగాను. మంచి బ్రాండు పోదట. ఒళ్ళు మండింది. పోని మెషీన్ ఇంతవరకూ ఈ భూమ్మీద తయారవ్వలేదని చెప్పాను, కాస్త గట్టిగానే.

మార్చి 14, శుక్రవారం

నెగ్గాను! చిన్న సర్వర్లు రెండు, ఒకటి పడితే రెండోది నిలబడేలా. తొమ్మిది వేల ఎంట్రీలకి ధారాళంగా సరిపోయే మెమరీ. మేనేజర్ ఒప్పుకున్నారు. కోటుబాబు మూతి ముడుచుకున్నాడు. వచ్చే శుక్రవారం ఆర్డర్ వెళ్తుంది. మా ఆయన్ని సినిమాకి లాక్కెళ్ళాను. సినిమా బాలేదు, నాకు బాగుంది.

మార్చి 17, సోమవారం, మధ్యాహ్నం

కొంపలంటుకున్నాయి.

డ్యూటీ మారే వేళ నర్సులు ఎలా లాగిన్ అవుతారో కళ్ళారా చూద్దామని పొద్దున్న మా నాలుగింట్లోకీ పెద్దాసుపత్రికి వెళ్ళాను. హెడ్‌నర్సు చాలా చురుకైన మనిషి. ఒక చేత్తో నాకు కుర్చీ చూపిస్తూ, ఇంకో చేత్తో ఎవరినో తిడుతూ, మధ్యలో నా ప్రశ్నలకి జవాబులు కూడా చెప్పింది. వార్డులో ప్రతి మంచం పక్కనా స్టాండుకి ఒక పంపు బిగించి ఉంది, మందు చుక్కచుక్కగా ఎక్కించేది. కొన్ని మంచాలకి రెండు. పంపు మీద చిన్న వైఫై గుర్తు వెలుగుతోంది. ఇవి కూడా నెట్‌వర్క్ ఎక్కుతాయా అని ఊరికే అడిగాను. ఎక్కకపోతే ఏ రోగికి ఎంత మందు వెళ్తోందో నర్సు కంప్యూటర్లో ఎలా కనపడుతుంది అంది.

వైఫై ఎక్కాలంటే పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ సరైనదో కాదో చెప్పాల్సింది డైరెక్టరీ. అంటే ప్రతి పంపూ ఒక ఎంట్రీ.

మరి మెయిల్‌లో రాయలేదేంటండీ అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎంతమంది అని అడిగారు, చెప్పాను. ఎన్ని అని అడిగితే ఇవీ చెప్పేదాన్నిగా."

ఆవిడ తప్పేముంది? మంది అన్నాక మనుషులే. మంచాన్నీ పంపునీ పట్టుకుని ఎవరైనా మంది అంటారా? ఇంగ్లీషులో హౌ మెనీ అని తగలేసి ఉంటే అందులో అన్నీ పట్టేవి, మనుషులూ మిషన్లూ తలుపులూ. చక్కటి తెలుగు రాయబోయి సగం ఆసుపత్రిని నేనే గుమ్మం బయట పెట్టాను. అందరూ బుద్ధిగా, కచ్చితంగా, నేనడిగినదానికే జవాబు చెప్పారు.

డైరెక్టరీకి మనిషి, మిషన్ అన్న తేడా లేదు. దానికి అన్నీ ఎంట్రీలే.

బస్సులో ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. కోపమే నయం, కోపంతో పని జరుగుతుంది.

మార్చి 18, మంగళవారం

మళ్ళీ మెయిల్. మనుషుల్ని వదిలెయ్యండి, మీ దగ్గర వైఫై ఎక్కేవి, లాగిన్ అయ్యేవి, కార్డు పెడితే తెరుచుకునేవి ఎన్ని?

అబ్బబ్బ, ఏం జవాబులు. పంపులు, మానిటర్లు, ఫోన్లు, ప్రింటర్లు, తలుపులు. ల్యాబ్‌లో రక్తం దాచే ఫ్రిజ్‌లు, వేడెక్కితే అవే మెసేజ్ పెడతాయట. వంటగదిలో ట్రాలీలు. పిల్లల వార్డువాళ్ళు కాస్త సిగ్గుపడుతూ చేపల తొట్టెకి మేత వేసే డబ్బా కూడా ఉందని రాశారు. ఒకాయన తన మిక్సీకి వైఫై లేదు, అయినా చెప్పాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

అది చాలదన్నట్టు హెచ్.ఆర్. నుంచి ఫోన్. మానేసినవాళ్ళ ఎంట్రీలు కూడా తియ్యకూడదట, రూలు ప్రకారం ఉంచాలట, ఫొటోలతో సహా. ఎంట్రీలో బరువంతా ఆ ఫొటోదే. మొత్తం లక్ష దాటింది.

రెండు చిన్న సర్వర్లు తెప్పించబోయాను.

మార్చి 19, బుధవారం

మేనేజర్ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. అడగాల్సింది ఎన్ని అని, అడిగింది ఎంతమంది అని. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. అప్పటికే కోటుబాబుకి కబురెళ్ళింది. వచ్చీ రాగానే చూశారా, పెద్దది కావాలని నేను ముందే చెప్పాను కదా అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

ఆయన చెప్పిన పెద్దదీ సరిపోదని చెప్పాను. ఆ మెమరీలో సగం ఎంట్రీలు కూడా పట్టవు, మిగతావాటి కోసం డిస్క్ చుట్టూ ప్రదక్షిణాలే. ప్రాసెసర్లు ఎన్నుంటే ఏంటి, అన్నీ డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. కావాల్సింది మొదట అనుకున్నదానికి ఎన్నో రెట్లు మెమరీ, మూడు సర్వర్లు. కోటుబాబు ఒప్పుకోలేదు. నేను తగ్గలేదు. మాటా మాటా పెరిగింది. ఒక తప్పు చేసి వచ్చి ఇంత గొంతేంటి అని మేనేజర్ అనలేదు కానీ ఆ చూపు అదే. చివరికి శుక్రవారం పొద్దున్నకల్లా రుజువు చూపించమన్నారు. లేకపోతే కోటుబాబు చెప్పిందే ఆర్డర్, నేను ఫోన్ల దగ్గరికి.

సరే చూద్దాం. తప్పు ప్రశ్న అడిగాను కానీ మెమరీ విషయంలో తప్పు చెప్పలేదు.

మార్చి 20, గురువారం

మెషీన్ రూమ్‌లో సర్వర్లు బిగించేది బాబాయ్. నాకు బాబాయ్ కాదు, ఆఫీసు మొత్తానికి బాబాయ్. పొద్దున్నే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. పక్కన పెట్టేసిన పాత సర్వర్ ఒకటి దించాడు. మూలన పడున్న మిగతావాటిలోంచి మెమరీ కార్డులు ఒక్కొక్కటీ పీకి, చొక్కాకి తుడిచి, ట్రేలో పేర్చాడు. చొక్కాకి తుడవొద్దని నేను, ఇన్నేళ్ళ నుంచీ తుడుస్తున్నానని ఆయన. ఇద్దరం అరుచుకున్నాం. పని మాత్రం ఆగలేదు.

నేను లక్ష దొంగ ఎంట్రీలు తయారుచేసి నింపాను. అందరికీ ఒకటే ఫొటో, నాదే. లక్షమంది నేనులు. తర్వాత ఇంకో మెషీన్ నుంచి అందరిచేతా ఒకేసారి తలుపు తట్టించాను.

ముందు కోటుబాబు లెక్క ప్రకారం మెమరీ పెట్టి చూశాం. కాసేపు బాగానే జవాబులు చెప్పింది. ఆ తర్వాత డిస్క్ దీపం ఆరకుండా వెలగడం మొదలైంది. జవాబుకి ఒక సెకను, రెండు, ఐదు, ఇంక లేదు. అవతల లైన్లో ఉన్నవాళ్ళంతా జవాబు రాక టైమవుట్. ప్రాసెసర్లు ఉన్నవన్నీ కలిపి ఇచ్చాం. ఏం మారలేదు. అప్పుడు ట్రేలో ఉన్న మెమరీ అంతా ఎక్కించి, మళ్ళీ తట్టించాం. డిస్క్ దీపం ఒక్కసారి మినుక్కుమని ఆగిపోయింది. జవాబులు జలజలా రాలాయి. బాబాయ్ ఆ దీపాన్ని చేత్తో తట్టి చూశాడు, పాడైందేమోనని.

పాడవ్వలేదు బాబాయ్, దానికి పనిలేదు అన్నాను.

ఇంకోటి కూడా తెలిసింది. రాయడానికి మనసొప్పడం లేదు కానీ రాస్తాను. మెమరీ సరిపోయాక ప్రాసెసర్లు పెంచితే పాస్‌వర్డ్ సరిచూడడం ఇంకాస్త జోరందుకుంది. కోటుబాబు చెప్పినదాంట్లో పిసరంత నిజముంది. పిసరంతే.

మార్చి 21, శుక్రవారం

నిన్నటి పరీక్షవి రెండు గ్రాఫులు, తక్కువ మెమరీది ఒకటి, నిండా మెమరీది ఒకటి, పక్కపక్కన పెట్టాను. ఏం మాట్లాడలేదు. నేను మాట్లాడకుండా ఉండడం ఇంట్లోవాళ్ళు చూసి ఉంటే డాక్టర్ని పిలిచేవాళ్ళు.

మేనేజర్ చూశారు. కోటుబాబు కళ్ళజోడు తీసి, పెట్టుకుని, దగ్గరికొచ్చి చూశాడు. ప్రాసెసర్లు కూడా కొన్ని పెంచాలి, ఆ విషయంలో ఆయన మాటే కరెక్టని నేనే చెప్పాను. అందుకాయన ఎంత ఆశ్చర్యపోయాడంటే, అసలు విషయంలో నేను గెలిచానన్న సంగతి లేచి వెళ్ళేదాకా గుర్తురాలేదు. మూడు సర్వర్లు, నిండా మెమరీ. మేనేజర్ సంతకం పెట్టారు. పెట్టి, ఇది ఫెయిలైతే ఇద్దరం ఫోన్లెత్తాల్సిందే అన్నారు. మొదటిసారి ఇద్దరం అన్నారు.

ఏప్రిల్ 8, మంగళవారం

మూడూ వచ్చాయి. బాబాయ్ ఈసారి చొక్కాకి దేన్నీ తుడవలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

రేపే. అన్నం సయించలేదు. అత్తగారు కంచం తీసి, కాసేపటికి మళ్ళీ తెచ్చిపెట్టారు.

ఏప్రిల్ 16, బుధవారం, ఉదయం 6:30

మెషీన్ రూమ్‌లో ఉన్నాను. చలి. కొత్త ఆసుపత్రిలో రోగులు నిన్నటి నుంచే చేరారు. ఏడింటికి ఐదు చోట్లా డ్యూటీ మారుతుంది. అన్నీ ఒకే డైరెక్టరీకి. సెకనుకి ఎన్ని ప్రశ్నలొస్తున్నాయో చూపించే గ్రాఫ్ ఇప్పుడు నేలమీద పాకుతోంది.

7:05

డ్యూటీ మారింది. గ్రాఫ్ లేచింది, అనుకున్నంతే. జవాబులు హాయిగా వెళ్తున్నాయి. ఇంతేనా? దీనికేనా నిన్న అన్నం మానేశాను?

8:20

ఇంతేనా అని రాశానో లేదో లైట్లు పోయాయి.

కొత్త ఆసుపత్రి భవనంలో కరెంటువాళ్ళు జనరేటర్ సరిగా అందుకుంటుందో లేదో చూడాలనుకున్నారట. ఎప్పుడు? సరిగ్గా డ్యూటీ మారే వేళ. ఎవరికి చెప్పారు? ఎవరికీ చెప్పలేదు. మహానుభావులు. మా ఆఫీసుదీ అదే ఆవరణ, అదే కరెంటు, కానీ సర్వర్లకి బ్యాటరీ ఉంది, కదల్లేదు. పంపులకీ బ్యాటరీలున్నాయి, మందు ఆగలేదు. కానీ వైఫై డబ్బాలన్నీ ఒక్కసారి చచ్చి ఒక్కసారి బతికాయి. వాటితోపాటు పంపులు, మానిటర్లు, ఫోన్లు, ఫ్రిజ్‌లు, ట్రాలీలు, పిల్లల వార్డుతోపాటు ఇక్కడికి మారిన చేపల మేత డబ్బా, అన్నీ ఒక్క క్షణంలో మా గుమ్మం మీద పడ్డాయి, నేను ఫలానా, నన్ను లోపలికి రానియ్యి అని. వాటి మధ్యలో లాగిన్ అవుతున్న నర్సులు, డాక్టర్లు.

గ్రాఫ్ గోడలా లేచి నిలబడింది. నా జన్మలో అంత నిటారు గీత చూడలేదు. బాబాయ్ నా భుజం పట్టుకున్నాడు. నేను ఆ గీత చూడలేదు, దాని కింద ఉన్న జవాబు టైము చూశాను. కాస్త కదిలింది. దేవుడా. మళ్ళీ కదిలింది. అక్కడ ఆగింది. ఆగి, వెనక్కి దిగడం మొదలుపెట్టింది. డిస్క్ దీపాలు మూడింటికి మూడూ ప్రశాంతంగా ఉన్నాయి. చూస్తుండగానే గోడ కరిగిపోయి మామూలు గీతయింది.

ఫోన్ మోగింది. ఆ ఒక్క క్షణం నా ప్రాణం పైకి పోయింది. హెడ్‌నర్సు. ఆవిణ్ణి కొత్త భవనానికి మార్చారట. ఏమైందండీ అని అడిగాను.

"ఇక్కడేం కాలేదండీ. ఏం కాలేదని చెప్దామనే చేశాను."

కరెంటు పోయి వస్తే పంపులన్నీ స్క్రీన్ మీదికి మళ్ళీ రావడానికి పాత భవనంలో చచ్చేంత సేపు పట్టేదట, నర్సులు ఒక్కో మంచం దగ్గరికీ పరిగెత్తేవారట. ఇవాళ వెనక్కి తిరిగి చూసేసరికి అన్నీ వచ్చేసి ఉన్నాయట. ఎవరూ పరిగెత్తలేదట. అది చెప్పి, మాటైనా వినకుండా పెట్టేసింది, పనుంది పాపం.

నేను ఎగిరాను. నిజంగా ఎగిరాను, సర్వర్లు పేర్చిన రెండు రాక్‌ల మధ్య, నలభై దాటిన మనిషిని. బాబాయ్ కళ్ళు తుడుచుకుంటూ, ఏసీ గాలికి అన్నాడు. అవును బాబాయ్, ఏసీకే.

సాయంత్రం

మేనేజర్ పొద్దున్నే మెట్లెక్కి పరిగెత్తుకొచ్చారు, ఆయన పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు. ముందు గ్రాఫ్ చూశారు, తర్వాత నన్ను చూశారు. డైరెక్టరీ నాదేనని అక్కడికక్కడే చెప్పారు, ఆయాసపడుతూనే. బయటి కంపెనీ మాట ఇంక లేదట. హెల్ప్‌డెస్క్‌లో నా కుర్చీకి ఇంకెవరినో చూసుకుంటారట.

కోటుబాబు కూడా వచ్చాడు. ఆ గురువారం గ్రాఫులు తనకి కావాలన్నాడు, ఇంకో చోట చూపించాలట. ఇచ్చాను. చెయ్యి కలిపి, మీకు ఇక్కడ పని నచ్చకపోతే ఒక మాట చెప్పండి అన్నాడు. మనిషి మంచివాడే. ఇవాళ నాకు అందరూ మంచివాళ్ళే, ఆ కరెంటువాళ్ళతో సహా. వాళ్ళు ఆ పని చెయ్యకపోతే నా సర్వర్ల సత్తా ఎవరికి తెలిసేది?

ఇంటికొచ్చి అత్తగారికి మొత్తం చెప్పాను, చేతులు తిప్పుతూ, గోడ ఎంత ఎత్తు లేచిందో కుర్చీ ఎక్కి చూపించాను. ఆవిడ నోరు తెరుచుకుని విన్నారు. మా అమ్మాయి వీడియో తీస్తోందని తర్వాత చూశాను. మా ఆయన వచ్చి నన్ను కుర్చీతో సహా ఎత్తబోయి నడుం పట్టేసుకున్నాడు. పక్కింటివాళ్ళు కూడా వచ్చేశారు. చెప్పిందే మళ్ళీ చెప్పాను, ఈసారి ఇంకాస్త పొడుగ్గా.

ఏప్రిల్ 17, గురువారం

గొంతు పోయింది. మాట రావడం లేదు. ఇంట్లో పండగ చేసుకుంటున్నారు.

ఏప్రిల్ 21, సోమవారం

కొత్త కార్డు ఇచ్చారు. మెషీన్ రూమ్ తలుపుకి ఆనించాను. ఈవిడెవరని తలుపు నా డైరెక్టరీని అడిగింది. అదేం చెప్పిందో గానీ, తలుపు మారుమాట్లాడలేదు.

లోపల పనేమీ లేదు. బయటికొచ్చి మళ్ళీ ఆనించాను.